మూడు బస్తాల మట్టి

మా ఇళ్ళలో సమాధి చేయడాన్ని 'మట్టి' అంటారు. "రేపు పదింటికి మట్టి" అంటే అర్థమేమిటని ఎవరూ అడగరు. అమ్మ పోయిన రోజు ఆ మాటను ఉన్నదున్నట్టు హిందీ చేసి, వారానికోసారి మా పెరటికి వచ్చే తోటమాలికి ఫోన్‌లో చెప్పాను: "కల్ దస్ బజే మిట్టీ హై, ఆ జానా." ఈ హిందీ ఊళ్ళో, టెల్కో కాలనీ బడిలో ఏళ్ళ తరబడి సైన్సు చెబుతున్నదాన్ని, నా హిందీ మీద నాకు మహా నమ్మకం.

మర్నాడు సరిగ్గా పదింటికి వచ్చాడు. వెనక సైకిల్ రిక్షాలో మూడు బస్తాలు, పశువుల ఎరువు కలిపిన మట్టి. వరండాలో శవపేటికను చూసి అక్కడే నిలబడిపోయాడు. "దీదీ, ఆప్ నే హీ తో మిట్టీ బోలా థా," మట్టి అని మీరే కదా చెప్పారని, అన్నాడు బిక్కమొహం వేసి. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. బస్తాలు పెరట్లో దింపమన్నాను.

సమాధుల తోటలో అందరూ తలో గుప్పెడు మట్టి వేశారు. నా వంతు వచ్చింది, నేను వంగలేదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. చెయ్యి నాది కానట్టుంది. వెనకవాళ్ళు నన్ను దాటుకుని వచ్చి వేశారు. కూతురి గుప్పెడు పడకుండానే అమ్మను పూడ్చేశారు.

నాలుగో రోజు బడికి వెళ్ళాను. ఆ వారం పాఠమూ మట్టి గురించే. ఎండలోంచి ఆకుకు, ఆకులోంచి పురుగుకు, పురుగులోంచి పిట్టకు వెళ్ళే శక్తి మెట్టుమెట్టుకూ వేడిగా జారిపోతుంది, తిరిగి రాదు. నత్రజని, భాస్వరం అలా కాదు. చచ్చినదాన్ని మట్టి కుళ్ళబెట్టి మళ్ళీ వేరుకు అందిస్తుంది. బోర్డు మీద బాణాలు శుభ్రంగా గీశాను. గొంతు వణకలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

అమ్మ ఈ పాఠం చదువుకోలేదు. చేపలు కడిగిన నీళ్ళు నేను సింకులో వంపబోతే కేకలేసేది: "ఏటే, పారబోసెత్తన్నావా? మొక్క నోరు కొట్టకు!" ఆ నీళ్ళు పెరట్లో కరివేపాకుకు, ఆ కరివేపాకు మా చేపల పులుసుకు.

నెలన్నర తర్వాత మా అమ్మాయి పెరట్లోంచి పిలిచింది. "మమ్మీ, నానీ కా పౌధా పీలా పడ్ గయా." నిజమే, అమ్మమ్మ మొక్క, ఆ కరివేపాకు, ఆకులన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. అమ్మ పోయాక నేను చేపలు వండలేదు, దానికి తిండి పెట్టినవాళ్ళూ లేరు. ఇది కూడా పోతే అమ్మ చేత్తో పెంచింది ఇంకేమీ మిగలదని అప్పుడు భయమేసింది. నెలన్నరలో నాకు కలిగిన మొదటి భయం అది.

తోటమాలి ఆ రోజు దింపిన బస్తాలు పెరట్లో అలాగే ఉన్నాయి, ఒకదాని మూతి విప్పాను. పార కోసం వెతకలేదు. గుప్పెడు తీసి మొక్క మొదట్లో వేయబోతే వేళ్ళు విచ్చుకోలేదు. అలాగే కూర్చుండిపోయాను. ఎప్పుడూ హిందీలోనే జవాబిచ్చే మా అమ్మాయి పక్కన కూర్చుని, అచ్చం అమ్మమ్మ యాసలో అంది: "ఏటలా సూత్తన్నావ్? ఎయ్యి."

వేశాను. అమ్మకు నేనిచ్చిన మట్టి అదే.