లక్ష్మీపూర్ సంతలో అవ్వ చోటు

మా అబ్బాయి వాళ్ళకి విశాఖలో ఒక కార్ల క్లబ్బుంది. సెలవులకి అందరూ కలిసి కార్లేసుకుని ఊళ్ళమ్మట తిరుగుతారు. ఆ వరసలో నన్నూ కొరాపుట్ వైపు తీసుకెళ్ళేడు. దారిలో లక్ష్మీపూర్‌లో టీకి ఆగి, ఖాళీగా కనబడిన సంత మైదానంలో కార్లు పెట్టేరు.

కాసేపటికి ఒక అవ్వ నెత్తిమీద గుమ్మడికాయల గంపతో వచ్చి మా కారు ముందు నిలబడిపోయింది. నేను గుణుపూర్‌లో పుట్టినదాన్ని, ఒడియా వచ్చు. అడిగితే, ఇవాళ సంతట, కారున్నది తన చోటట. పెళ్ళై వచ్చినప్పట్నుంచీ ప్రతి సంతకీ అక్కడే కూర్చుంటుందట.

"ఇంత మైదానం ఖాళీగా ఉంది. ఇంకెక్కడైనా కూర్చోమను," అన్నాడు మావాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఆవిడ సోటులో నీకేటి పనిరా? తియ్యి ముందు."

సణుక్కుంటూ కారు పక్కకి జరిపేడు. అవ్వ గంప దించలేదు. "ఇప్పుడు కారు పెట్టింది మా తోటికోడలి చోటు. వెనకాల వస్తోంది," అంది.

"నీ చోటు నీకొచ్చేసింది కదా, కూర్చో," అని నాచేత చెప్పించేడు, దానం చేసినవాడిలాగ.

"నాకొచ్చింది. దానికి రాలేదు," అంది అవ్వ. అలాగే నిలబడింది.

"టీ తాగేక ఎలాగూ వెళ్ళిపోతాం లేమ్మా," అన్నాడు వీడు.

నిజంగానే తాగేకే కదిలేరు. కార్లన్నీ రోడ్డెక్కేక నేనే చెయ్యేసి గంప దింపించేను. ఎంత బరువో. వీళ్ళ టీలు అయ్యేదాకా ఆ ముసిలమ్మ దాన్ని మోస్తూనే ఉంది.