మాస్కుకు అడ్డమొచ్చిన మొక్కు

మా బాపు సదయ్యకు అప్పుడు అరవై రెండేళ్లు. గోదావరిఖనిలో మా కాలనీ చుట్టుపక్కల ఆయన గడ్డం తెలియనివాళ్లు లేరు. గనిలో పొగో విషవాయువో కమ్మినప్పుడు మొహానికి మాస్కు బిగించుకుని లోపలికి దిగే రెస్క్యూ జట్టులో ఇరవై ఏళ్లు పనిచేశాడు. వెంట్రుక అడ్డమొస్తే మాస్కు చెంపకు అతకదు. అందుకని ఆ ఇరవై ఏళ్లూ రోజూ నున్నగా గీసుకోవాల్సిందే. రిటైరైన రోజు ఇంటికొచ్చి ముందు బ్లేడు పారేశాడు. అప్పటినుంచి గడ్డానికి కొబ్బరినూనె, ప్రత్యేకంగా ఒక దువ్వెన, అద్దం ముందు అరగంట. పెళ్లికొడుకు కూడా అంతసేపు ముస్తాబు కాడు.

2020 వేసవిలో నేను నర్సుగా ఉన్న దవాఖానలో కరోనా వార్డు తెరిచారు. గట్టి మాస్కులు డాక్టర్లకే చాలడం లేదు. మాకు దక్కినవి పలుచటి సర్జికల్ మాస్కులు. ఇంటికి తెచ్చి ఒకటి పెట్టుకుని చూపించాను. బాపు నా చెంపల పక్కన అరచేతులు పెట్టి ఊదమన్నాడు. ఊదాను.

"గిది మాస్కా బిడ్డా? రెండు దిక్కుల కిటికీలు తెరిచిపెట్టిన్రు!"

గంటసేపు దాంతో కుస్తీ పట్టాడు. చెవి తాళ్లను మాస్కు అంచు దగ్గరే ముడివేశాడు. ముడివేయగానే పక్కన తెరుచుకున్న మడతను లోపలికి దోపాడు. ముక్కు మీది తీగను అదిమాడు. ఈసారి ఊదితే ఆయన చేతికి గాలి తగల్లేదు, నా కళ్లద్దాలకు ఆవిరి పట్టలేదు. గట్టి మాస్కుతో సమానం కాదు గానీ ఉన్నంతలో ఇది నయమని మా డాక్టరమ్మ మెచ్చుకుంది. ఇక బాపును పట్టగలమా! మర్నాడు డ్యూటీ వేళకు చేతులు కడుక్కుని దవాఖాన గేటు దగ్గర నిలబడ్డాడు. ఒక్కొక్కరి చేతా ముడి వేయించి, ఊదించి గానీ లోపలికి వదల్లేదు.

వార్డు అటెండరు భూపాల్ దగ్గర బండి ఆగింది. గుబురు గడ్డం. ఎన్ని ముడులేసినా చెంపల పక్కనుంచి గాలి పోతూనే ఉంది.

"గడ్డం తియ్యాలె కొడుకా."

"తియ్యరాదు కాక. పదేండ్లకు నా పెండ్లాం నీళ్లు పోసుకుంది. మా అవ్వ రాజన్నకు మొక్కింది. పిల్లనెత్తుకొని ఎములాడ పోయినంక గక్కడ్నే తియ్యాలె."

లాక్‌డౌన్‌లో వేములవాడ గుడే మూసి ఉంది. ఎల్లుండి నుంచి భూపాల్‌కు కరోనా వార్డులో డ్యూటీ. ఇంట్లో ఏడో నెల మనిషి. వాడికి అంటుకుంటే ఎవరికి అంటుతుందో వేరే చెప్పక్కర్లేదు. నాకైతే కోపమే వచ్చింది. బాపుకు రాలేదు. నేరుగా వాళ్ల అమ్మ ఐలవ్వ దగ్గరికి నడిచాడు, వెనక నేను.

ఐలవ్వ గడప దిగలేదు. సంగతి చెప్పగానే దూరం నుంచే కడిగేసింది. "నీ ముచ్చట నాకొద్దు తమ్మీ. నీది సోకు గడ్డం, నా కొడుకుది మొక్కు గడ్డం. కడుపుల పిల్లకు ఏమన్నైతే నువ్వొస్తవా?"

బాపు తన గడ్డం ఒకసారి నిమురుకున్నాడు.

"అక్కా, మొక్కు నా గడ్డం మీదికి మార్చు. నీ మనుమరాలో మనుమడో పుట్టినంక ఎములాడకు నేనే వచ్చి ఇస్త. గప్పటిదాక దువ్వెన గూడ పెట్ట."

"నీకు గడ్డమంటే పానం గదనయ్యా!"

"పానమే. గందుకే ఇస్తున్న. పానం కానిది ఇస్తె రాజన్న తీసుకుంటడా?"

ఐలవ్వ లోపలికి వెళ్లి పసుపు గుడ్డలో కొబ్బరికాయ కట్టుకొచ్చింది. ముడుపును బాపు గడ్డానికి తాకించి, సదయ్య గడ్డం ఇకనుంచి నీదేనని దేవుడికి గట్టిగా చెప్పింది. భూపాల్ ఆ సాయంత్రమే గీసుకున్నాడు. పొద్దున గేటు దగ్గర ఊదితే బాపు అరచేతికి గాలి తగల్లేదు. బాపు వాడి వీపు మీద ఒక్కటి చరిచి లోపలికి పంపాడు.

శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. చలికాలంలో అందరం వేములవాడ వెళ్లాం. అప్పటికి బాపు గడ్డం చిక్కులుపడి, చూస్తే భిక్ష వేసేలా ఉంది. తలనీలాలిచ్చే చోట ఆయనా, తన వంతుగా గుండుకు సిద్ధమైన భూపాలూ పక్కపక్కన కూర్చున్నారు. కత్తి ఆడుతుంటే బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఏడిపించకుండా ఉండే గుణం లేదు.

"ఏంది బాపు, గడ్డం పోతుందని ఏడుస్తున్నవా?"

"ఇరవై ఏండ్లు బొగ్గుబాయిల నుంచి మనుషులను పైకి తెచ్చిన బిడ్డా. శానమంది పానం లేకుంటనే వచ్చిన్రు" అన్నాడు బాపు. "గీడు సూడు, నా పక్కన కూసోని గుండు గీకించుకుంటున్నడు."