హన్మంత్ కళ్ళు, గనీ దూది

నర్మెట్టలో హన్మంత్ అగ్గిపెట్టె కొనడు. కొనలేక కాదు, అవసరం లేక. ఆయన ముక్కు మీద సీసా అడుగంత మందం కళ్ళద్దాలు ఉంటాయి. దగ్గరి చూపు ఆనని వాళ్ళకిచ్చే, నడుమ ఉబ్బిన అద్దాలు. ఎండలో వాటిని తీసి, బీడీ కొన మీద వెలుగు చుక్కంత అయ్యేదాకా జరిపి పట్టుకుంటే చాలు, పొగ లేస్తుంది. దూరపు చూపు ఆనని వాళ్ళ అద్దాలు నడుమ పల్చన కాబట్టి వాటివల్ల కాదని, ఊళ్ళో అందరి కళ్ళద్దాలూ ఊడబీకి పరీక్షించి మరీ తేల్చాడు. పంతులుగారి అద్దాలు పనికిరానివని బడి ముందు నిలబడి ప్రకటించాడు కూడా.

ఈ విద్యకు నియమాలున్నాయి. పొద్దుగూకితే బీడీ లేదు. ముసురు పట్టిందంటే అసలే లేదు, అందుకే ఆయన భార్య సరోజనకు వానాకాలమంటే ప్రాణం. దీపావళి చిచ్చుబుడ్లు మిట్టమధ్యాహ్నం కాల్చేవాడు. వెలిగాయని ఆయన చెబితే చూసేవాళ్ళు నమ్మాలి. ఒక పెళ్ళిలో హోమం తానే వెలిగిస్తానని పట్టుబట్టాడు. ఇంతలో మబ్బు అడ్డం వచ్చింది. ముహూర్తం దాటిపోతుంటే పురోహితుడితో సహా పెళ్ళివారంతా మెడలెత్తి మబ్బును చూస్తూ కూర్చున్నారు. చివరికి వంటవాడు పొయ్యిలోంచి నిప్పు తెచ్చాడు, హన్మంత్ అలిగి భోజనం మానేశాడు.

అంతటి ఘనుడికి కళ్ళల్లో పొరలు కమ్మాయి. ఆపరేషన్ అయితే మందం అద్దాలు పోతాయని తెలిసి వద్దన్నాడు. ఒక పొద్దున, బర్రెను అమ్ముదామా అని సరోజనను అడిగాడు. ఆయన అడిగింది నిలబెట్టిన మంచం మీద ఆరేసిన ఆమె చీరను. చీర మాట్లాడలేదు. కాదనలేదు కదా అని బర్రెను అమ్మేశాడు. సాయంత్రం చెంబు పట్టుకుని పాలు పిండబోయిన సరోజన, మర్నాడే ఆయన్ను జనగామ దవాఖానకు బయలుదేరదీసింది. బస్సులో చాలాసేపు మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

చివరికి, "నీ మొగం సక్కగ చూసి ఎన్నేండ్లాయెనో. గదొక్కటి కనబడితే చాలు, బీడీ పోతే పోనీ," అన్నాడు.

ఒకదాని తర్వాత ఒకటి రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. పొర తీసి కంటి లోపలే చిన్న అద్దం పెట్టామని, ఇక ఆ మందం కళ్ళద్దాలు అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. కట్లు, నల్లద్దాలు అన్నీ తీసేసిన రోజున, సరోజన ఎదురుచూస్తున్న ఇంటికైనా పోకముందే, హన్మంత్ ఈ కబురు స్నేహితుడు అబ్దుల్ గనీకి చేరవేయడానికి పోయాడు. గనీది పరుపుల దుకాణం. లోపల గుట్టగా దూది, గడపలో ఎండ, ఎండలో హన్మంత్.

గనీ దూది గుట్టకు అడ్డం నిలబడ్డాడు. "హన్మంతన్నా, అద్దం బయటున్నప్పుడే బీడీ ముట్టించినవ్. ఇప్పుడు కంట్లనే ఉన్నదంటున్నవ్. జర మొగం అటు తిప్పి మాట్లాడు."

హన్మంత్ గభాలున మొగం తిప్పేసుకున్నాడు. తన విద్యను తనకంటే గట్టిగా నమ్మినవాడు ఊళ్ళో లేడు మరి. గుడ్డివాడిలా కళ్ళు మూసుకుని ఇంటికి చేరాడు. సాయంత్రానికి సంగతి ఊరంతా పాకింది. పత్తి ఆరబోసినవాళ్ళు ఆయన వస్తుంటే గొడుగులు తీసుకుని ఎదురెళ్ళి, ఆయన మొగానికి అడ్డం పట్టేవారు. గడ్డివాము ఉన్నవాళ్ళు దండం పెట్టి తోవ మళ్ళించేవారు. పొరలున్నప్పుడు తగలని గోడలన్నీ ఆపరేషన్ సఫలమయ్యాక తగిలాయి. రాత్రయినా కళ్ళు తెరవలేదు. పగలంతా కాగిన బండ రాత్రి దాకా చల్లారదు, కళ్ళు మాత్రం చల్లారుతాయా అని ఆయన భయం. సరోజన గొంతు వినబడితే రెప్పలు ఇంకా బిగించేవాడు. ఎవరి మొగం కోసం కళ్ళు బాగుచేయించుకున్నాడో ఆ మొగం మీదే చూపు పడకుండా కాపలా కాసుకున్నాడు పాపం.

సరోజన ఓపిక ఒక మధ్యాహ్నం అయిపోయింది. గనీ దుకాణంలోంచి పిడికెడు దూది తెచ్చి, వాకిట్లో నడి ఎండలో అరచేతిలో పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. గనీ బకెట్ నిండా నీళ్ళతో వెంటే వచ్చి, కాస్త ఎడంగా నిలబడ్డాడు.

"కండ్లు తెరువు," అంది.

"కాలుతదే."

"కాలితే నా చెయ్యే గద. తెరువు."

హన్మంత్ తెరిచాడు. దూది కేసి చూశాడు. పొగ రాలేదు, మాడు వాసన రాలేదు, దూది గాలికి కొంచెం కదిలింది అంతే. కంట్లో అద్దం వెలుగును పోగుచేసేది కంటి లోపలికే, బయటికి కాదు. ఆ సంగతి డాక్టరమ్మను ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆయన చూపు దూది మీంచి అరచేతికి, గాజులకు, భుజానికి భయంభయంగా పాకి, మొగం దగ్గర ఆగిపోయింది.

"ఎంటికలు గింత తెల్లగ ఎప్పుడైనయే?"

"నువ్వు చీరతోని మాట్లాడుకుంట కూసున్నప్పుడు," అంది సరోజన.

హన్మంత్ కళ్ళు ఎర్రబడ్డాయి, నీళ్ళు ఉబికాయి. అది ఏడుపని గనీకి తెలియలేదు. అంటుకుందనుకుని బకెట్ ఎత్తి ఇద్దరి మీదా కుమ్మరించాడు. సరోజన గనీని తిట్టాల్సినవన్నీ తిట్టి, భర్త మొగం తుడుద్దామని తడి కొంగు ఎత్తింది. హన్మంత్ ఆ చెయ్యి పట్టుకుని పక్కకు జరిపాడు, చూపుకు అడ్డం వస్తోందని.