మేడ మీది పాన్సిట్

మా చిన్నాయన చైనా తిండి గురించి మాట్లాడుతుంటే వినాలి. ఆయన చైనాను అబిడ్స్‌లో ఒక హోటల్ మొదటి అంతస్తులో చూశాడు. గోడ మీద ఎర్ర డ్రాగన్, పైన కాగితపు లాంతర్లు, బల్ల మీద వెనిగర్‌లో నానేసిన పచ్చిమిరపకాయలు. "చైనోళ్ళు గిట్లనే తింటరు" అని అఫ్జల్‌గంజ్‌లో తన కిరాణా దుకాణానికి వచ్చేవాళ్ళకు కూడా చెప్తాడు. ఆ హోటల్లో వంట చేసే అతనిది మహబూబ్‌నగర్. నేనే ఒకసారి అడిగి తెలుసుకున్నాను. ఆ సంగతి చెబితే చిన్నాయన ఏమాత్రం తగ్గలేదు. "ఐతే ఏంది, ట్రైనింగ్ చైనాల అయ్యుంటది" అన్నాడు.

నెలకో ఆదివారం మేమంతా అక్కడికి వెళ్తాం. మేమంతా అంటే అమ్మ, నేను, తమ్ముడు, తమ్ముడి భార్య, చిన్నాయన. మాది శాకాహారుల ఇల్లు. ఇల్లు మాత్రమే శాకాహారం, మనుషుల సంగతి వేరు. హోటల్లో బల్లకు ఒక చివర అమ్మా నేనూ కూర్చుంటాం. రెండో చివర చిన్నాయన, ఆయన చిల్లీ చికెన్. మధ్యలో నీళ్ళ జగ్గు పెడతారు. జగ్గు ఇవతల మడి, అవతల ఏదైనా సరే. రెండూ ఒకే మూకుట్లో ఒకే గరిటెతో తిప్పి పంపిస్తారన్న అనుమానం మా వంశంలో ఇంతవరకు ఎవరికీ రాలేదు, వచ్చినా పైకి అన్నవాళ్ళు లేరు. అమ్మ హాయిగా గోబీ మంచూరియా తిని, ఫ్రైడ్ రైస్ తిని, స్వీట్‌కార్న్ సూపు ఇంకో కప్పు తెమ్మంటుంది.

మరదల్ని మొదటి రోజే జగ్గు అవతల కూర్చోబెట్టాం. ఆమె వెజ్ ఫ్రైడ్ రైస్ చెప్పుకున్నా అక్కడే కూర్చోవాలి. ఎందుకంటే ఆమె ఫిలిప్పీన్స్ అమ్మాయి.

తమ్ముడు దోహాలో ఒక హోటల్లో ఏసీ మెషీన్లు చూసుకునేవాడు. ఆమె అక్కడే ఆస్పత్రిలో నర్సు. నాన్న పోయాక, అంటే మూడేళ్ళ కిందట, ఇద్దరూ వచ్చి నాంపల్లిలో మా ఇంటి మేడ మీద పోర్షన్‌లో దిగారు. ఇక్కడ ఆమె సర్టిఫికెట్లు చెల్లవన్నారు. ఆమె ఏడుస్తూ కూర్చోకుండా కంప్యూటర్ ముందు కూర్చుని జపాన్ పిల్లలకు ఇంగ్లిషు చెప్పుకుంటోంది. మా ఇంటి తెలుగు కూడా నేర్చుకుంది, నన్ను వదినా అని, అమ్మను అత్తమ్మా అని పిలుస్తుంది. ఇంత చేసినా మా చిన్నాయన ప్రతి నెలా చికెన్ ముక్క నములుతూ అడిగే ప్రశ్న ఒక్కటే. "మీ దిక్కు పాములు తింటరంట గద?" ఆమె ప్రతిసారీ మర్యాదగా నవ్వేది. ఆ ముక్క ఆయన గొంతులో అడ్డం పడితే బాగుండునని నేను చాలాసార్లు కోరుకున్నాను. అది కోరుకోవడమే తప్ప పైకి ఒక్క మాటా అనలేదు.

నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు తలా ఒక కారణం చెప్పాను. గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో గుమాస్తాగా పని చేస్తూ, అమ్మతో కింద ఉంటాను. కింది వంటింట్లోకి గుడ్డు కూడా రాదు. నాన్న బతికున్నప్పుడు డాక్టరు ఆయన్ని రోజూ గుడ్డు తినమంటే మేడ మీద వేరే స్టవ్, వేరే గిన్నె పెట్టి ఉడకబెట్టేవాళ్ళం. పెంకులు కింది చెత్తబుట్టలో పడకూడదు, కాగితంలో చుట్టి వీధి చివర పారేసి రావాలి. అలాంటి ఇంటి మేడ మీదికి ఆమె వంట వచ్చింది.

ఆ వంట సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఆఫీసు నుంచి రాగానే "బట్టలు ఆరేసినవి తెస్త" అని పైకి వెళ్ళేదాన్ని. తీగ మీద బట్టలు లేని రోజున కూడా వెళ్ళేదాన్ని. ఆమె చింతపండు రసం పిండి, ముల్లంగి, బెండకాయ, టమాటా వేసి చేప ముక్కలతో పలచటి పులుసు కాచేది. దాన్ని సినిగాంగ్ అంటారట. మన చారుకు దూరపు చుట్టం, పోపు ఒక్కటే తక్కువ. మొజంజాహీ మార్కెట్ నుంచి మునగాకు తెచ్చి కొబ్బరిపాలలో గుమ్మడికాయతో వండేది. చికెన్‌ను వెల్లుల్లి, మిరియాలు, బిర్యానీ ఆకు, సోయా సాస్, వెనిగర్‌లో మెల్లగా మగ్గబెట్టి వేడన్నంలో వేసి ఇచ్చేది. తమ్ముడు, ఆమె, నేను, ముగ్గురం చాప మీద కూర్చుని చేతులతో తినేవాళ్ళం. అబిడ్స్ లాంతర్ల కింద తిన్న ఏ తిండీ దాని దరిదాపులకు రాదు. ఇది నేను ఎక్కడైనా చెప్తాను, అప్పుడు మాత్రం చెప్పలేదు. తిని, మూతి కడుక్కుని, సోంపు నమిలి కిందికి దిగి, అమ్మ పక్కన కూర్చుని పెరుగన్నం ఇంకో ముద్ద తినేదాన్ని.

అమ్మ మాత్రం ఆమె చేతి వంట ఏదీ తినలేదు. వచ్చిన మొదటి వారమే మరదలు గిన్నె పట్టుకుని మెట్లు దిగబోతుంటే నేను ఆపాను. "వద్దమ్మా, అమ్మ తినది. ఆమెకు గివన్నీ పడవు" అన్నాను. ఆ గిన్నెలో ఉన్నవి ఉత్త కూరగాయలే. ఇంటి పద్ధతి చెప్పడం ఆడబిడ్డగా నా పని అనుకున్నాను. ఆ తర్వాత ఆమె రెండుమూడుసార్లు అడిగింది, నేను అదే జవాబు చెప్పాను. అమ్మ ఆమె చేత్తో ఇచ్చిన మంచినీళ్ళు తాగేది. నీళ్ళు మన బోరువే కదా అని నాలో నేను వెటకారంగా అనుకునేదాన్ని. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు వండిన నూడుల్స్‌ను డబ్బులిచ్చి తినే మనిషి, కోడలి చేతి ముద్ద తినదు. ఇదేం ఆచారమని అమ్మ మీద నాకు లోలోపల ఎంత చిన్నచూపు ఉండేదో చెప్పలేను.

అమ్మకు డెబ్బై అయిదు నిండే ఆదివారం దగ్గర పడింది. తమ్ముడు నన్ను మేడ మెట్ల దగ్గర పట్టుకున్నాడు.

"అక్కా, పుట్టినరోజుకు ఆమె ఒకటి చేస్తనంటున్నది. కూరగాయలే వేస్తది. అమ్మ గిది గూడ ముట్టకపోతే మేం ఖైరతాబాద్‌ల కిరాయికి పోతం. ఇల్లు చూసి పెట్టిన. రోజు రోజు ఆమె మొఖం చూస్తె నాకు సిగ్గైతున్నది."

నాకు భయమేసింది. తమ్ముడు వెళ్ళిపోతాడని కొంత, మేడ మీద నా సాయంత్రాలు పోతాయని ఎక్కువ. అంత స్వార్థం ఉందని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకేమీ అడ్డం లేదు.

ఆ ఆదివారం పొద్దున పది గంటలకు సాయం చేద్దామని పైకి వెళ్ళాను. ఆమె నాకు వీపు పెట్టి క్యారెట్ సన్నగా తరుగుతోంది. గట్టు మీద మనీలా నుంచి వాళ్ళ అక్క పంపిన ప్యాకెట్ ఉంది. బియ్యంతో చేసిన సన్నటి నూడుల్స్, దారపు చుట్టల్లా మడిచి ఉన్నాయి. మా ఇళ్ళలో సేమియా కనబడితే చెయ్యి ఊరుకోదు. పాయసానికైనా ఉప్మాకైనా విరవాల్సిందే. అది ఎవరూ నేర్పక్కర్లేదు, ఆడపిల్లగా పుడితే చాలు. ప్యాకెట్ కోసి, చుట్ట తర్వాత చుట్ట తీసుకుని, పళ్ళెంలో పటపటా విరిచేశాను. అంగుళం ముక్కలు, అన్నీ సమానంగా. నా పనితనానికి నేనే ముచ్చటపడ్డాను.

ఆ చప్పుడుకు ఆమె తిరిగి చూసింది. కత్తి కింద పెట్టింది.

"వదినా, నో... ఇది బర్త్‌డే పాన్సిట్. తెంపొద్దు. పొడుగు ఉంటె మనిషి పొడుగు బతుకుతరు. మా అమ్మకు గూడ నేనే చేస్తుండె."

నేను సారీ చెప్పాలి కదా. నోరు తెరిస్తే వచ్చింది ఇది: "గివన్నీ నమ్ముతవా? నర్సువి గద నువ్వు!" మా చిన్నాయన దుకాణానికి శనివారం శనివారం నిమ్మకాయలు, మిరపకాయలు కట్టే ఇంట్లో పుట్టి, ప్రతి అమావాస్యకు గుమ్మడికాయ కొట్టే గుమ్మం దాటి వచ్చి, ఆమె నమ్మకం మీద నవ్వాను. ఆమె ప్యాకెట్ అడుగున నా చేతికి చిక్కని చుట్ట ఒక్కటి మిగిలితే దాన్ని రెండు చేతులతో తీసి నానబెట్టింది. ఆమె కళ్ళలో నీళ్ళు ఉల్లిపాయల వల్ల కావు. అప్పటికి ఉల్లిపాయలు కొయ్యనేలేదు.

వండితే చిన్న స్టీలు డబ్బాకు సరిపోయింది. అది అమ్మకిద్దామని ఆమె కిందికి దిగేసరికి చిన్నాయన ఆటో తెచ్చి "టేబుల్ బుక్ చేసిన, జల్ది నడువుండ్రి" అని అరుస్తున్నాడు. ఆమె డబ్బాను గుడ్డసంచిలో పెట్టుకుని మాతో బయల్దేరింది.

హోటల్లో అంతా మామూలే. జగ్గు వచ్చింది, చిల్లీ చికెన్ వచ్చింది, సూపు వచ్చింది. వెయిటర్లు కేకు తెచ్చి చప్పట్లు కొట్టారు. అప్పుడు మరదలు లేచి, జగ్గు దాటి అమ్మ దగ్గరకు వచ్చి, డబ్బా మూత తీసింది. వెయిటర్ వెంటనే అడ్డం వచ్చాడు.

"మేడం, బయటి ఫుడ్ ఈడ అలౌడ్ లేదు."

చిన్నాయన మొహం వెలిగిపోయింది. "జర లోపల పెట్టమ్మా. నలుగురిల ఇజ్జత్ పోతది" అన్నాడు. తమ్ముడు కుర్చీ వెనక్కు నెట్టి లేచాడు. వాడు ఖైరతాబాద్ వెళ్ళిపోవడం నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. అదేమిటో, ఎందుకు చేసిందో, పొద్దున ఏం జరిగిందో చెప్పగలిగినదాన్ని ఆ బల్ల దగ్గర నేనొక్కదాన్నే. నేను సూపు తాగుతూ కూర్చున్నాను.

"ఏందది?" అంది అమ్మ.

మరదలే చెప్పుకుంది. "అత్తమ్మా, బర్త్‌డేకి. పొడుగు నూడుల్స్. కూరగాయలే. నువ్వు పొడుగు బతకాలె."

అమ్మ డబ్బాలోకి చూసింది. తర్వాత వెయిటర్ వైపు చూసింది. "లోపల తినొద్దంటవ్, గంతే గద బిడ్డా? బయట తింట" అని కర్ర అందుకుంది. మోకాళ్ళ నొప్పులతో నెలకోసారి మాత్రమే ఎక్కే ఆ మెట్లన్నీ కోడలి భుజం పట్టుకుని దిగింది. తమ్ముడు వెనకే పరుగెత్తాడు. నేనూ లేచాను. చిన్నాయన మాత్రం లేవలేదు, చికెన్ చల్లారుతుందన్నాడు.

ఆదివారం కాబట్టి కింద ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. షట్టర్ వేసి ఉన్న ఒక బట్టల దుకాణం మెట్టు మీద అమ్మ చతికిలబడింది. పుస్తకాలు బేరం చేసేవాళ్ళు తిరిగి తిరిగి చూస్తున్నారు. అమ్మ నూడుల్స్ చేత్తో పైకెత్తింది. అవి మోచేతి దాకా వేలాడాయి.

"తెంపకుంట ఎట్ల తినాలె?"

మరదలు పెదవులు గుండ్రంగా చుట్టి పీల్చి చూపించింది. నా తల్లి, డెబ్బై అయిదేళ్ళ మనిషి, అబిడ్స్ రోడ్డు మీద, చప్పుడు చేస్తూ నూడుల్స్ పీల్చింది. క్యారెట్ తురుము చీర మీద పడింది. తమ్ముడు పెద్దగా నవ్వాడు. మరదలు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. అమ్మ ఇంకో పిడికెడు తీసుకుని "జర నిమ్మకాయ పడాలె" అంది. మరదలు సంచిలోంచి నిమ్మచెక్క తీసి పిండింది.

ఇంత ఆనందంలో నేనెందుకు దూరంగా నిలబడాలని ముందుకు వంగి, నాకూ ఒక ముద్ద పెట్టమని చెయ్యి చాపాను. అమ్మ డబ్బాను ఒళ్ళోకి లాక్కుంది.

"నీకెందుకు? మూడేండ్ల సంది పైన తింటనే ఉన్నవ్ గద. సోంపు నమిలితె నాకు వాసన రాదనుకున్నవా?"

నా మొహం మాడిపోయింది. తేరుకుని "నువ్వు తినవని గద అమ్మా..." అన్నాను.

"నేను తినననెన్నడు జెప్పిన? చేపలు వద్దంట, కోడి వద్దంట. ఈ పిల్ల కూరగాయలు వండిన నాడన్న ఒక గిన్నె కిందికొస్తదని చూసిన. నాకు పెట్టొద్దని పైన అనుకుంటున్నరేమో అని ఊకున్న. అడుక్కుంటనా?"

మరదలు అమ్మ వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగింది. తమ్ముడు కూడా నన్నే చూస్తున్నాడు. అమ్మ తినదని చెప్పిన రోజుల్లో ఏ ఒక్క రోజైనా అమ్మను అడిగి చెప్పానా అని ఆ ఎండలో నిలబడి వెతుక్కున్నాను. అమ్మ నోటి నుంచి ఆ మాట విన్న రోజు ఒక్కటీ దొరకలేదు. మూడేళ్ళుగా ఆ మాట అంటున్నది నేనే.