కోటబొమ్మాళి నుంచి భోగాపురానికి, హేమ మొదటి పెళ్ళిమేళంతో

నాకు ప్రయాణమంటే భయం. బస్సెక్కితే దిగాల్సిన ఊరు దాటిపోతుందేమోనని భయం, దిగాక సంచి లోపలే ఉండిపోయిందేమోనని భయం. అలాంటిదాన్ని మొన్న మాఘమాసంలో కోటబొమ్మాళి నుంచి భోగాపురం దాకా, సుమారు వంద కిలోమీటర్లు, రెండు బస్సులు మారి వెళ్ళి అదే రోజు తిరిగి వచ్చాను. నా చదువు మూడో తరగతితో ఆగింది. నేను కాగితం మీద రాసింది నా మనవడి భార్య హేమ ఫోనులో ఎక్కిస్తోంది. సన్నాయి, డోలు పట్టుకుని ఇటువైపు పెళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళకీ, నాలాంటి ముసలివాళ్ళని వెంటేసుకుని బస్సుల్లో తిరిగేవాళ్ళకీ కొంచెం పనికొస్తుందని రాస్తున్నాను.

మాది మేళం ఇల్లు. తరతరాలుగా గుడిలో పొద్దున్న మేలుకొలుపు, ఊళ్ళో పెళ్ళిళ్ళు మావే. మా ఆయన పోయాక సన్నాయి మనవడు సూరి చేతికి వచ్చింది. మేనమామ కూతురు హేమతో పెళ్ళయిన మూడో నెలలో, టెక్కలి రోడ్డు మీద సూరి బండికి గేదె అడ్డం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ ముందుపళ్ళు రెండు పోయాయి, పై పెదవికి కుట్లు పడ్డాయి. పళ్ళు కట్టించాం. అన్నం తినడానికి అవి చాలాయి, సన్నాయికి చాలలేదు. ఎంత ఊదినా గాలి పక్కనుంచి జారిపోయేది. ఒక సాయంత్రం సన్నాయి గోడకి తగిలించేసి, తన పీకని వంశధారలో పారేశానని వచ్చి చెప్పాడు. పీకంటే సన్నాయి కొసన పెదవుల మధ్య పెట్టుకునే చిన్న గడ్డిముక్క. నాదం పుట్టేది అందులోంచే. ఎవరి పెదవికి తగ్గట్టు వాళ్ళు కోసుకుంటారు. అది పారేశాడంటే మరి ఊదనని చెప్పడమే. మర్నాటి నుంచి టైల్సు కొట్లో పనికి వెళ్ళాడు.

గోడ మీది సన్నాయిని దించింది హేమ. చిన్నప్పుడు వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుని, పెద్దమనిషి అయ్యాక మానేసిన విద్య అది. ధాన్యం బస్తాల గదిలో తలుపేసుకుని ఊదేది. ఆ ఏడాదే ఒక కాన్పు నిలబడలేదు. ఊదడం వల్లే అని వీధిలో అన్నారు. నేనూ సగం నమ్మాను, దాచడమెందుకు. సన్నాయిని ఒకసారి బియ్యం డ్రమ్ములో దాచిపెట్టాను కూడా. "మామ్మా, బియ్యం తీద్దామని ఎల్తే సన్నాయి దొరికింది, అత్తెసరు పెట్టీమంటావేటి?" అని హేమ నవ్వుతూ పట్టుకొచ్చింది. సూరి మాత్రం ఆమె ఊదుతున్నంతసేపూ వీధి అరుగు మీద అటు తిరిగి కూర్చునేవాడు. ఒకరోజు హేమ లయ తప్పింది. వీడు ఉండబట్టలేక స్తంభం మీద దరువేసి సరిచేశాడు. వారం తిరిగేసరికి డోలు మెడలో వేసుకున్నాడు, ఇద్దరూ మా గుడిలో మేలుకొలుపు వాయించడం మొదలుపెట్టారు.

మా గుడిలో హేమ సన్నాయి విన్న భోగాపురం పెద్దమనిషి ఒకాయన, తన కూతురి పెళ్ళికి మమ్మల్ని రమ్మన్నారు. వాళ్ళ ఊరి గుడికి ఆయనే పెద్ద. పెళ్ళిలో మేళం బాగుంటే గుడిలో ఏడాది పొడుగునా సేవ మీదే, ఉండడానికి గుడి పక్కన రెండు గదుల ఇల్లు కూడా ఇస్తాం అన్నారు. ఆడపిల్ల సన్నాయంటే అంతకుముందు ఇద్దరు మాటిచ్చి వెనక్కి తీసుకున్నారు. అందుకే ఈ మేళం సూరికీ హేమకీ అంత ముఖ్యం. తీరా బయల్దేరే ముందురోజు మాకు తాళం వేసే అబ్బాయికి జ్వరం వచ్చింది. నలభై ఏళ్ళు మా ఆయన సాధన వింటూ కూరలు తరిగినదాన్ని, తాళం నాకు తెలుసు. "మామ్మా, నువ్వే దిక్కు" అన్నాడు సూరి. నా ప్రయాణం అలా వచ్చిపడింది.

ముందురోజు నేను చేసిన పని కూడా ఇక్కడే చెప్పాలి. హేమ పీకలు మూడూ దారంతో కట్టి సన్నాయికి వేలాడుతున్నాయి. ఎన్నాళ్ళ ఎంగిలో అవి. నోట్లో పెట్టుకునే వస్తువు, పెళ్ళిలో పిల్లకి గొంతు పట్టేస్తే? హేమ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నర్సమ్మ అన్నీ మరగబెట్టి వాడమంది. ఆ మాట గుర్తొచ్చి, మూడు పీకలూ ఉప్పునీళ్ళలో మరగబెట్టి, గొడ్లశాల రేకుల మీద మధ్యాహ్నం ఎండలో ఆరబెట్టి, మళ్ళీ దారానికి కట్టేశాను. మా ఆయన తన పీకలు నన్నెప్పుడూ ముట్టుకోనిచ్చేవాడు కాదు, నాకేం తెలుసు? చెబితే హేమ కోప్పడుతుందని చెప్పలేదు.

ముహూర్తం పదకొండు దాటాక. తొమ్మిదిన్నరకి మండపంలో ఉండాలని, తెల్లవారుజామున అయిదుంబావుకి శ్రీకాకుళం వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఇప్పుడు ఆడవాళ్ళకి ఈ బస్సుల్లో టికెట్టు లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. నేను ఆ కార్డు పోతుందని జాకెట్లో పెట్టుకుని, పైన పిన్నీసు పెట్టుకున్నాను. అది తీసేసరికి కండక్టరు రెండు సీట్లు ముందుకెళ్ళి మళ్ళీ వచ్చాడు. మా పక్క సీట్లో డోలుని చూశాడు.

"మామ్మా, నీకు సున్నా, ఆ అమ్మికి సున్నా. ఈ మద్దెలకి ఆధార్ ఉన్నాదేటి?"

"మద్దెల కాదండి, డోలు," అన్నాడు సూరి.

"ఏదైతేటి, సీట్లో కూకుంది కదా! ఒళ్ళో ఎట్టుకుంటే ఊరుకుంటాను, నేకపోతే దానికీ టికెట్టు కొట్టీగలను."

సూరి డెబ్బై అయిదు రూపాయలకి తన టికెట్టు తీసుకుని, శ్రీకాకుళం దాకా డోలుని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నాడు. నరసన్నపేట దాటాక వంశధార వంతెన వచ్చింది. నీళ్ళ మీద అప్పుడే వెలుగు పడుతోంది. నేను రూపాయి బిళ్ళ విసిరి దండం పెట్టుకున్నాను. సూరి మాత్రం వంతెన అయ్యేదాకా ఒళ్ళో ఉన్న డోలు మీంచి తల ఎత్తలేదు. పీక పారేసిన చోటు కదా, బాధ అనుకున్నాను.

ఆరూ నలభైకి శ్రీకాకుళం కాంప్లెక్సులో దిగాం. విశాఖ వైపు బస్సు ఏడున్నరకి. గేటు బయట ఒకావిడ బండి దగ్గర ఇడ్లీ తిన్నాం, నాలుగిడ్లీలు ముప్ఫై రూపాయలు, అల్లం చట్నీ అడిగితే కాదనకుండా మళ్ళీ వేస్తుంది. తిన్నాక హేమ ఒక పీక నోట తడిపి ఊది చూసింది. బుస్సుమంది. రెండోది పెట్టింది, పెదవి ఒత్తగానే నిలువునా చీలింది. మూడోది మేకపిల్లలా అరిచింది.

"ఏటమ్మా, ఊపిరి నేదేటి? ఇంకో రెండిడ్లీలు ఎట్టమంటావా?" అంది బండి ఆవిడ వేళాకోళంగా.

హేమ నవ్వలేదు. నాకు ఉప్పునీళ్ళ గిన్నె గుర్తొచ్చింది. బస్సు వచ్చింది, ఎక్కాం. ఎచ్చెర్ల దాటాక హేమ మెల్లగా, "బావా, తప్పు పీకది కాదు. నాకే దమ్ము సరిపోటంనేదు. వీధిలో వాళ్ళు సెప్పిందే నిజవేమో. మనం ఎనక్కెలిపోదుం," అంది. కళ్ళలో నీళ్ళు.

ఆ మాట విన్నాక నేను ఎలా ఊరుకోగలను? మనసులో అరసవిల్లి దేవుడికి దండం పెట్టుకుని, ఉప్పునీళ్ళ దగ్గర్నుంచి రేకుల దాకా అంతా చెప్పేశాను. "నీ దమ్ముకేం కాలేదే తల్లీ! నానే ఉడకబెట్టీసేను!" అన్నాను. బస్సు అని కూడా చూడకుండా గట్టిగా అనేశానేమో, ముందు సీటాయన వెనక్కి తిరిగి, "ఏటి ఉడకబెట్టేవు మామ్మా, దుంపలా?" అని అడిగాడు. హేమ నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. కళ్ళు తుడుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టింది. "అయితే నాది కాదన్నమాట తప్పు!" అంది. ఆ అమ్మాయికి కావలసింది ఆ ఒక్క మాటే.

నవ్వు ఆగాక మళ్ళీ భయం. పీక లేకుండా మేళం ఎక్కడిది? రణస్థలంలోనా, పైడిభీమవరంలోనా, ఎక్కడ దొరుకుతుంది అప్పటికప్పుడు? సూరి కాసేపు డోలు అంచుని వేలితో గోకి, చొక్కా లోపలి జేబులోంచి చిన్న కుంకుమ భరిణె తీశాడు. మూత తీస్తే దూది మీద పీక. నున్నగా, తేనెరంగులో.

"ఒరే సూరీ, నదిలో పారేసేనన్నావు కదరా!"

"అబద్దమాడేను మామ్మా. వంతెన దాకా ఎల్లేను. సెయ్యి రానేదు." ఆ మాట హేమని చూడకుండానే అన్నాడు. రెండేళ్ళుగా ఆ భరిణె వాడి జేబులోనే ఉంది. ఎప్పటికైనా పెదవి కుదురుకుంటుందని, మళ్ళీ ఊదుతానని వాడు లోలోపల అనుకుంటూనే ఉన్నాడన్నమాట. ఒకే ఇంట్లో ఉండి నేను కనిపెట్టలేకపోయాను. హేమకీ తెలియదు.

ఎనిమిదీ యాభైకి భోగాపురంలో దిగాం. సూరి టికెట్టు ఎనభై అయిదు. అక్కడినుంచి మండపానికి ఆటో అతను అరవై అడిగాడు, డోలు ముందు పెట్టుకుంటాం అంటే యాభైకి వచ్చాడు. దారిలో కిరాణా కొట్టు దగ్గర ఆపి సూరి ఒక బ్లేడు కొన్నాడు. మండపం వెనక కుళాయి దగ్గర హేమ ఆ పీక పెట్టుకుని ఊదింది. పలికింది గానీ మొద్దుగా, బరువుగా. సూరి పెదవులు మందం, వాడి పీక వెడల్పు.

"కొయ్యాలి," అన్నాడు సూరి. "అంచులు రెండూ తీసీసి, కొస పల్చన సెయ్యాలి."

"కోసేక నీకు మరి పనికిరాదు బావా." హేమ రెండు చేతులతోనూ పీక మూసేసింది. "వద్దు. నాను దీంతోనే ఎలాగోలా లాగుతాను."

"ఎలాగోలా వాయిస్తే గుడి ఇత్తారేటి? ఇటియ్యి."

"నువ్వు మళ్ళీ ఊదుతావు. నాకు తెలుసు."

"నాను డోలు మేస్త్రీనే. నువ్వు సూసేవు కదా, బాగానే కొడతన్నాను. ఇయ్యి హేమా."

హేమ ఇచ్చింది. వాడు రాతి మీద కూర్చుని బ్లేడుతో సన్నగా చెక్కాడు. కొంచెం తీసి ఊదించడం, మళ్ళీ కొంచెం తీయడం. వేలు తెగుతుందని నేను, ఎక్కువ కోసేస్తాడని నేను, టైమైపోతోందని నేను, అక్కడ నిలబడలేక అటూ ఇటూ తిరిగాను. నాలుగోసారికి హేమ స్వరం పట్టుకుని ఆపకుండా నిలబెట్టింది. అది ఎంత తీయగా సాగిందంటే గాడిపొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న వంటమనిషి ఆగి ఇటు చూశాడు. రాలిన పొట్టుని సూరి ఎత్తి భరిణెలో వేసుకున్నాడు.

మండపంలోకి వెళ్ళగానే పెళ్ళివారి తాలూకు తలపాగా తాత ఒకాయన అడ్డం వచ్చారు. "మేళగాడేడి?"

"ఈవిడే తాతా," అన్నాడు సూరి.

"ఆడమనిషి ఊదడవేటి? ముగ్గురొచ్చేరు, అందులో ఇద్దరు ఆడోళ్ళు, ఒకావిడ నాకన్నా ముసలిది! ఇది పెళ్ళేటి, పేరంటమేటి?"

హేమ శృతిపెట్టె మీట నొక్కి, కళ్ళు మూసుకుని సన్నాయి ఎత్తింది. సూరి డోలు మీద చేయి వేశాడు. నేను తాళం వేశాను. లెక్క తప్పలేదు, అది మాత్రం గర్వంగా చెబుతాను. పెళ్ళికూతురిని బుట్టలో తీసుకొచ్చేటప్పుడు హేమ వాయించింది విని వాళ్ళ అమ్మగారు కళ్ళొత్తుకున్నారు. పెళ్ళికొడుకు తాళి పట్టుకోగానే పురోహితుడు వేలెత్తారు. గట్టిమేళం! హేమ ఊపిరి పట్టి ఎక్కిన పైస్థాయి దిగలేదు, సూరి డోలు దాని కిందనుంచి ఎత్తిపట్టింది. మూడో ముడి పడేదాకా ఆ అమ్మాయి ఒక్కసారైనా జారలేదు. ఆఖరి దెబ్బ పడ్డాక తలపాగా తాతే ముందు చప్పట్లు కొట్టారు.

భోజనాల దగ్గర ఆయన మా పక్కనే కూర్చుని, "ఇందాకటి మాటకి ఏటనుకోకు తల్లీ. భోజనాలయ్యేక ఇంకోటి వాయించీయి," అని హేమ విస్తట్లో తన బూరె వేశారు. పెళ్ళికూతురి తండ్రి చేయి కూడా కడుక్కోకుండా వచ్చారు. "గుడి తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఉగాదినాడు మేలుకొలుపు మీదే. సామాన్లు ముందురోజే తెచ్చుకోండి," అన్నారు. సూరి లేచి నిలబడి కట్టుడు పళ్ళు కనిపించేలా నవ్వాడు. రెండేళ్ళలో వాడు నోరు మూసుకోకుండా నవ్వడం నేను చూసింది అప్పుడే.

మూడింటికి తిరుగు బస్సు దొరికింది. శ్రీకాకుళంలో మారి, వంశధార వంతెన చేరేసరికి పొద్దు వాలుతోంది. సూరి ఈసారి కిటికీ దగ్గర కూర్చున్నాడు. భరిణె మూత తీసి, చెక్కిన పొట్టుని గుప్పిట్లోకి తీసుకుని గాలిలోకి వదిలేశాడు. "ఇప్పుడు అబద్దం కాదు మామ్మా," అన్నాడు. హేమ ఖాళీ భరిణె తీసుకుని, పీకని దూది మీద పడుకోబెట్టి, మూత పెట్టి, మళ్ళీ వాడి జేబులోనే పెట్టింది. "నీ దగ్గరే ఉండనీ బావా. వాయించినప్పుడు అడుగుతాను," అంది.

ఇదంతా రాస్తుంటే నాకొకటి అనిపిస్తోంది. నేను బతుకంతా జరగబోయే చెడు గురించి భయపడ్డాను. జరిగిన చెడులో గేదె వచ్చింది, కాన్పు పోయింది, అవేవీ నేను భయపడితే ఆగలేదు. నేను భయపడి చేసిన పనేమో పీకలు ఉడకబెట్టడం. ఆ పిల్లలిద్దరూ భయపడలేదని కాదు. భయపడుతూనే చేతిలో ఉన్నది ఒకరికొకరు ఇచ్చుకున్నారు. ఉగాదికి వాళ్ళు భోగాపురం వెళ్ళిపోతారు, తెల్లవారకుండానే హేమ గుడి మెట్ల మీద కూర్చుని ఊదుతుంది. అక్కడ చలి ఎక్కువేమో, సముద్రపు గాలి పీకకి పడుతుందో లేదో అని అప్పుడే మొదలుపెట్టాను. అలవాటు పోదు.

వాయిద్యంతో ప్రయాణం చేసేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. పీకలన్నీ ఒకే దారానికి కట్టుకుని వెళ్ళకండి. ఒకటి వేరే మనిషి జేబులో ఉంచండి. ఆ మనిషి నాలా కనిపించినదల్లా కడిగే మనిషి కాకుండా చూసుకోండి.