క్వారీ అంచు దాటని కెమెరా

పోయిన శుక్రవారం పొద్దున సిరిసిల్ల బస్టాండులో జగిత్యాల బస్సు కోసం నిలబడి ఉంటే కోరుట్ల నుంచి వదిన ఫోన్ చేసింది. వెనక ఎవరో ఏడుస్తున్నారు. "మీ అన్న పోయిండు" అన్నది చివరికి. "రాత్రి మంచిగనే తిన్నడు. తెల్లారి లేపితే లేవలే." ఆ రోజు అన్నకు జగిత్యాల ఆసుపత్రిలో డయాలిసిస్. అది అయ్యేదాకా పక్కన కూర్చుందామనే నేను బయలుదేరాను. ఆ బస్సే ఎక్కి, జగిత్యాలలో మారి, కోరుట్లలో దిగేసరికి ఇంటి ముందు టెంటు వేస్తున్నారు.

ఆయన నాకు తోడబుట్టినవాడు కాదు. జగిత్యాలలో మేమిద్దరం పనిచేసిన చిన్న లోకల్ ఛానల్‌లో కెమెరామన్. నేను వార్తలు రాసి చదివేదాన్ని. ఆఫీసులో అందరికీ కెమెరా అన్న, నాకు ఉత్త అన్న. మరమగ్గాల చప్పుడులో పెరిగినదాన్ని కాబట్టి నాకు గట్టిగా మాట్లాడటం అలవాటు. మొదటిసారి మైకు ముందు కూర్చున్నప్పుడు ఆయన నవ్వి, "గంత అరుసుడెందుకు చెల్లె, ఒక్క మనిషికి చెప్తున్నట్టు చెప్పు" అన్నాడు. ఇప్పుడు బడిలో పాఠం చెప్పేటప్పుడు కూడా నాకు ఆ మాటే గుర్తుకొస్తుంది.

అంతకు ముందు ఆయన కోరుట్లలో పెళ్లి వీడియోలు తీసేవాడు. ఎవరింటికి వెళ్లినా ముందు కెమెరా సంచి తెరిచేవాడు కాదు. కూర్చుని నీళ్లడిగి తాగేవాడు. పొలం ఎట్లుంది, పిల్లలేం చదువుతున్నారు అని మాట్లాడేవాడు. ఆ మాటల మధ్యలో ఎప్పుడో, "తియ్యమంటరా మరి?" అని అడిగేవాడు. వద్దంటే తీసేవాడు కాదు. దానికి ఆఫీసులో చాలాసార్లు తిట్లు పడ్డాయి. లెన్స్ తుడవడానికి వదిన పాత నూలు చీర ముక్క ఒకటి జేబులో పెట్టుకునేవాడు. వేరే గుడ్డ తాకనిచ్చేవాడు కాదు.

"మనం సూపెట్టిన తొవ్వల ఎవడో ఒకడు నడుస్తడు చెల్లె" అని తరచుగా అనేవాడు. ఆ మాట ఎంత నిజమవుతుందో ఇద్దరికీ తెలియదు.

జగిత్యాల జిల్లాలోనే గుట్టల నడుమ ఒక గ్రానైట్ క్వారీ ఉంది. ఊరి పేరు ఇక్కడ రాయను. ఆయనుంటే రాయనిచ్చేవాడు కాదు. రాయి తీసినన్ని రోజులు తీసి, మిషన్లు వెళ్లిపోయాయి. గుంత మిగిలింది. వానలకు నిండి నీళ్లు నీలంగా మెరుస్తుంటాయి. చుట్టూ గోడల్లా నిలువునా కోసిన రాయి. దూరం నుంచి చూస్తే ఎవరికైనా దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది.

దాని మీద ఒక కార్యక్రమం చేయమని మా ఆఫీసులో చెప్పారు. ఎవరినైనా లోపలికి దింపి తీస్తే బాగుంటుందన్నారు. అన్న దింపలేదు. ఆయన కెమెరా ఆ రాతి అంచుకు ఇవతలే ఆగింది. వెనకటికి అక్కడ రాయి కొట్టిన ఒక ముసలాయనను తీసుకొచ్చి, దూరంగా నీడలో కూర్చోబెట్టి మాట్లాడించాడు.

"ఈడ ఒడ్డు అంటూ లేదు సారూ," అన్నాడు ఆ పెద్దమనిషి. "అడుగు పెడితే ఇగ లోతే. కింద కోసి ఇడిశిన రాళ్లున్నయ్, తెగిన ఇనుప తాళ్లున్నయ్. ఈత వచ్చినోడైనా పట్టుకోను ఏం దొరకదు."

మేకలు కాసుకునే ఒకామె, నీళ్లకు దిగిన మేకలు మళ్లీ ఎక్కలేకపోయిన సంగతి చెప్పింది. చెబుతూ ఏడ్చింది. అన్న కెమెరాను ఆమె ముఖం మీద నుంచి తిప్పి, ఉలి గుర్తులున్న రాతిగోడ మీద నిలిపాడు. తొవ్వ కనబడే షాట్లన్నీ తీసేయించాడు. ఊరి పేరు చెప్పొద్దన్నాడు.

"పేరు చెప్పకుంటే ఎవరు నమ్ముతరన్నా?" అని అడిగాను.

"నమ్మకుంటే మానె. ఎతుక్కుంట పోకుంటే సాలు."

ఆ కార్యక్రమం ఒక మధ్యాహ్నం వచ్చింది. ఎక్కువ మంది చూడలేదు. మేం కూడా మరిచిపోయేవాళ్లమే. కానీ హైదరాబాద్‌లోని ఒక పెద్ద ఛానల్ వాళ్లు ఆ వీడియో కావాలని అడిగారు, మా ఆఫీసు వాళ్లు ఊరి పేరుతో సహా పంపారు. కొద్దిరోజులకు జగిత్యాలలో ఒక హోటల్‌లో చాయ్ తాగుతుంటే టీవీలో ఆ నీళ్లు కనిపించాయి. అన్న తీసిన షాట్లే. వెనక ఉత్సాహంగా సంగీతం. ముసలాయన లేడు, మేకలామె లేదు. వాళ్ల యాంకర్ ఆ రాతి అంచున నిలబడి చేతులు చాపి, ఊరి పేరు, ఎటు తిరగాలో కూడా చెప్పింది. కొండగట్టు దర్శనానికి వచ్చినవాళ్లు తప్పక చూడాల్సిన చోటు అట.

అన్న చాయ్ కింద పెట్టి బయటికి వెళ్లి ఫోన్ చేశాడు. అవతలి మనిషి మాట నాకు వినిపిస్తూనే ఉంది. "అన్నా, కింద మీ పేరు కూడా ఏసినం గదా!"

"నా పేరు తీసెయ్ తమ్మీ. ఆ పెద్దమనిషి మాటలు పెట్టు. గదీ కాకుంటే తొవ్వన్న తీసెయ్."

చూస్తామన్నారు. మళ్లీ చేసినప్పుడూ చూస్తామన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఈలోపు ఆ ముక్క ఎవరెవరి ఫోన్లలోకో వెళ్లిపోయింది.

ఆదివారాలు జనం రావడం మొదలైంది. అన్న బండి మీద కోరుట్ల నుంచి అక్కడికి వెళ్లి నిలబడేవాడు. "దిగకుండ్రి బిడ్డా, మస్తు లోతుంటది" అని ఒక్కొక్కరికీ చెప్పేవాడు. ఒకసారి నేనూ తోడు వెళ్లాను. పిల్లలు మర్యాదగానే విన్నారు. కొందరు ఆయన్ను పక్కన నిలబెట్టుకుని సెల్ఫీ దిగారు. ఆయన అటు తిరగగానే నీళ్ల వైపు నడిచారు. కంచె వేయమని పంచాయతీలో అడిగితే క్వారీ తమ చేతుల్లో లేదన్నారు. జగిత్యాల ఆఫీసులో ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. చాలాసార్లు తిరిగాక ఒక హెచ్చరిక బోర్డు పాతారు. మరుసటి ఆదివారం దాని మీద తడి తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి.

ఎండాకాలంలో ఒక పిల్లగాడు మునిగిపోయాడు. సిరిసిల్లలో సాంచె మగ్గాలు నడిపే ఇంటి పిల్లవాడు, డిగ్రీ చదువుతున్నాడు. స్నేహితులతో కొండగట్టుకు వచ్చి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చాడు. ఆఫీసు నుంచి మమ్మల్నే పంపారు. శవాన్ని పైకి తీసేటప్పటి దృశ్యాలు కావాలని ఫోన్ మీద ఫోన్. అన్న లెన్స్‌కు మూత పెట్టి, కెమెరా నా చేతికిచ్చి, ఆ తండ్రి పక్కన నేల మీద కూర్చున్నాడు. వేరే ఛానళ్లవాళ్లు తీసుకుంటూనే ఉన్నారు.

ఆ తండ్రి చాలాసేపటికి తల ఎత్తాడు. "నువ్వు టీవీ వోనివా?" అని అడిగాడు.

అన్న అవునన్నాడు.

"మా పోరడు ఈ జాగ ఫోన్ల సూశిండట సారూ. నీళ్లు గంత మంచిగ సూపెట్టిండ్రు. లోతుంటదని ఒక్క ముక్క చెప్తే ఏంబోయె?"

అన్న చేతులు జోడించాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఉండబట్టలేక అడిగాను. "మనం చెప్పినం గదన్నా. వాళ్లే తీసేసిండ్రు. ఆయనకు చెప్పకపోతివి?"

"చెప్తే కొడుకొస్తడా చెల్లె?" అన్నాడు.

ఆ పెద్ద ఛానల్ ఆ సాయంత్రమే క్వారీల ప్రమాదం మీద చర్చ పెట్టింది. చర్చ వెనకాల మళ్లీ అన్న తీసిన నీలి నీళ్లే తిరుగుతున్నాయి.

తర్వాత ఆయన ఛానల్ వదిలేశాడు. కొన్నాళ్లు పెళ్లిళ్లు తీశాడు, కిడ్నీలు పాడైనాక అదీ ఆగిపోయింది. నేనూ సిరిసిల్లలో బడి పనిలో చేరాను. డయాలిసిస్ రోజుల్లో వీలైనప్పుడల్లా వెళ్లేదాన్ని. ఒకరోజు పక్క మంచం మీది మనిషి ఫోన్‌లో ఎవరో పాడుబడ్డ బొగ్గు గనిలోకి టార్చిలైటుతో దిగుతున్న వీడియో నడుస్తోంది. అన్న అటే చూస్తూ ఉండిపోయాడు. ఆపమని అడగనా అన్నాను. వద్దని తల ఊపాడు.

"సూపెట్టద్దని కాదు చెల్లె. గాడ మనుషులు పనిజేసిండ్రు, కొందరు పోయిండ్రు. గవన్ని తెల్వాలె. కానీ సూశినోనికి ఇంట్ల కూసుండంగనే సమజ్ గావాలె, తను పోవుడు అక్కర లేకుంట." కాస్త ఆగి, "గట్ల తీద్దామనే అనుకున్న. తీసిన్నా, తియ్యలేదా?" అని అడిగాడు.

తీశావన్నా అన్నాను. ఆయన నమ్మలేదు. గొట్టంలో రక్తం తిరుగుతూ ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

అస్థికలు కలపడానికి ధర్మపురి వెళ్లాం. ఆయనకున్నది ఒక్కతే బిడ్డ. ఆ పిల్లే ముంత పట్టుకుని గోదావరి మెట్లు దిగింది. వదిన వెనకాలే దిగి, బిడ్డ నడుముకు చున్నీ చుట్టి, దాని కొసలు రెండు చేతులతో పట్టుకుంది. "అమ్మా, ఇంకో మెట్టు. ఈడ నీళ్లు పారుతలేవు" అన్నది పిల్ల. "ఆడికే సాలు, ఇగ పోకు" అన్నది వదిన. పిల్ల అక్కడే వంగి ముంత వంచింది. బూడిద లోపల పారే నీళ్లలోకి వెళ్లలేదు. ఆ మెట్టు దగ్గరే, పిల్ల కాళ్ల చుట్టూ మెల్లగా తిరుగుతూ ఉండిపోయింది. వదిన చున్నీ వదల్లేదు.