థర్మాకోల్ పెట్టెలో మెదడు ముక్క

నిన్న ఐస్‌క్రీమ్ కొట్టు ముందు ఆటో ఆపాను. లోపల ఎవరో థర్మాకోల్ పెట్టె మూత తీశారు. ఆ కిర్రుమన్న చప్పుడుకి నా పళ్లు జివ్వుమన్నాయి, చెయ్యి దానంతటదే యాక్సిలేటర్ తిప్పింది. వెనక సీట్లో సుశీల మేడమ్ లేరని గుర్తొచ్చాక ఆగాను.

మేడమ్ మా నరసరావుపేటలో కెమిస్ట్రీ లెక్చరర్. నేను ఎనిమిదో తరగతిలో బడికి విముక్తి ప్రసాదించిన ఆటోవాణ్ణి. రోజూ ఆవిణ్ణి కోటప్పకొండ రోడ్డులో ఉన్న కాలేజీకి దింపేవాణ్ణి. ఆవిడ తమ్ముడు మెదడులో గడ్డతో పోయాడు. అప్పటినుంచి ఆవిడ పట్టు ఒక్కటే.

"మనం తిన్న చక్కెర ఒంట్లో ఖర్చయ్యేటప్పుడు మిథైల్‌గ్లయాక్సాల్ అని ఒకటి పుడుద్ది శీనూ. అది ఊరికే కూర్చోదు. ఏది దొరికితే దానికి అంటుకుని పాడుచేసుద్ది. ఈ గడ్డల్లో అది ఎక్కువుందేమోనని చూస్తన్నా."

"పేరు పెద్దదే గానీ మేడమ్, గుణం అచ్చం మా బావమరిదిదే."

కాలేజీ గేటు దాకా నవ్వుతూనే ఉన్నారు.

ఆపరేషన్‌లో తీసేసిన గడ్డ ముక్కలను, రోగుల ఒప్పుకోలుతో, ఐసులో పెట్టి ఆసుపత్రి ఇచ్చేది. ఐసు కరిగితే పరీక్షకు పనికిరావు. అంతకుముందు ఒకటి అలాగే పాడయింది. చివరి ముక్క శివరాత్రి రోజున వచ్చింది. ఇదీ పోతే పరిశోధన ఆపేయమని కాలేజీవాళ్లు ముందే చెప్పేశారు.

ఆ రోజు కొండ రోడ్డు సంగతి చెప్పాలా! తిరునాళ్ల జనం, డప్పులు, మా ముందు జనం తాళ్లతో నిలబెట్టి కొండకు లాక్కెళుతున్న ఆకాశమంత వెదురు ప్రభ. మేడమ్ పెట్టెను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకున్నారు. మూత పక్కనుంచి నీళ్లు ఆవిడ చీర మీదికి కారుతున్నాయి.

"ఒరేయ్, జరగండ్రా! మెదడు పోతంది!" అని అరిచాను.

"నీకు లేదని తెచ్చుకుంటన్నావా బాబాయ్?" అన్నాడు ప్రభ తాడు పట్టుకున్నవాడు. అంతా గొల్లుమన్నారు.

మేడమ్ తల బయటికి పెట్టి, "నా తమ్ముడి జబ్బు నాయనా. దీంట్లో ఏముందో చూడాల," అన్నారు. నవ్వులు టక్కున ఆగాయి. తాళ్లు లాగి ప్రభను పక్కకు జరిపారు. సోడాబండి ముసలాయన పరుగెత్తుకొచ్చి రెండు గుప్పిళ్ల ఐసు పెట్టెలో పోసి, "పోనీరా, ఏం చూస్తన్నావ్!" అని ఆటో మీద చరిచాడు. నా జన్మలో అంత వేగంగా తోలలేదు.

కొన్ని వారాల తర్వాత ఆటోస్టాండుకి మేడమ్ ఎండలో ఉరుక్కుంటూ వచ్చారు. గొడుగు లేదు, చేతిలో సుద్దముక్క అలాగే ఉంది.

"ఉంది శీనూ! చుట్టుపక్కల భాగం కంటే గడ్డల్లో చానా ఎక్కువుంది! నువ్వు తెచ్చిన ముక్కలో కూడా!"

నేను సీటెక్కి ఈల వేశాను. "అయితే మీ తమ్ముణ్ణి చంపింది ఇదేనన్నమాట!"

ఆవిడ నవ్వు ఆగింది గానీ కళ్లలో వెలుగు పోలేదు. "రెండూ ఒకచోట ఉన్నాయని తేలింది. దీనివల్లే గడ్డ వచ్చిందో, గడ్డవల్లే ఇది పెరిగిందో తేలలేదు. ఇంకా చానా దూరం పోవాల."

"ఆటో కట్టమంటారా?"

"కట్టు. ఈసారి ప్రభలు లేని రోజు చూడు."

ఇప్పుడావిడ విశాఖలో ఒక పెద్ద ల్యాబులో ఆ మిగిలిన దూరమే వెళుతున్నారు. మొన్న బావమరిది ఫోన్ చూపించి, "పంచదార తింటే మెదడులో గడ్డంట బావా," అన్నాడు.

"తేలిందా, అనుకున్నారా?" అన్నాను.

వాడు మళ్లీ ఫోన్‌లోకి చూశాడు. నేను మాత్రం టీలో రెండు చెంచాల పంచదార వేసుకున్నాను. నా వెనక సీటు కింద ఖాళీ థర్మాకోల్ పెట్టె ఒకటి ఇప్పటికీ ఉంది. మేడమ్ పిలిస్తే, ఐసు కొనడమే ఆలస్యం.